డ్యూక్ గారి అభ్యంతరం

సత్యవేణి పెళ్ళికి మగపెళ్ళివారి తరఫున వచ్చినవాళ్ళలో అందరికంటే పెద్ద హోదా గలవారు డ్యూక్ గారు. ఆయన హెడ్ కానిస్టేబులు. పెళ్ళికొడుకు నూకరాజు ఒట్టి కానిస్టేబులు. డ్యూక్ గారు జాతికి అల్సేషియన్, ఉద్యోగానికి జిల్లా పోలీసు జాగిలాల దళంలో మందుగుండు వాసన పట్టేవారు. నూకరాజు ఆయన గొలుసు పట్టుకుని నడిచే హ్యాండ్లరు.

కుక్కని పట్టుకుని గారూ గీరూ ఏమిటని మీరడగవచ్చు. ఆ దళంలో ఎప్పటినుంచో ఒక ఆనవాయితీ ఉంది. కుక్కకి, దాన్ని నడిపించే మనిషికంటే ఒక మెట్టు పై హోదా ఇస్తారు. మనిషి విసుగొచ్చి కుక్క మీద చెయ్యి చేసుకున్నాడంటే పై అధికారి మీద చేసుకున్నట్టే లెక్క. ఉద్యోగం ఊడుతుంది. ఆలోచన మంచిదే, కాదనను. ప్రభుత్వంలో మంచి ఆలోచన ఒకటి పుడితే దాన్ని అక్కడితో వదిలిపెట్టరు గదా, అదీ వచ్చిన చిక్కు. హోదా ప్రకారం వాళ్ళు గారు అంటున్నప్పుడు మనం మాత్రం ఏకవచనంలో మాట్లాడి ఎందుకు తిప్పలు తెచ్చుకోవాలి?

నూకరాజు పెళ్ళికి సెలవడిగితే, "సదరు కానిస్టేబులు లేని ఎడల జాగిలము ఆహారము స్వీకరించదు గనుక ఉభయులకును సెలవు మంజూరు చేయడమైనది" అని కార్యాలయం వారు కాగితం ఇచ్చారు. పెళ్ళిపందిట్లో ఉభయులూ పక్కపక్కనే కూర్చున్నారు. తాళి కట్టడానికి పెళ్ళికొడుకు ముందుకు వంగేసరికి డ్యూక్ గారు అతని ఉత్తరీయం చివర పళ్ళతో పట్టుకుని వెనక్కి లాగారు. భజంత్రీలు ఆగిపోయారు. పురోహితుడు మంత్రం మింగేశాడు. పెళ్ళికొడుకు మెల్లగా, మర్యాదగా, "సిట్, సర్" అన్నాడు.

సత్యవేణికి నవ్వు ఆగింది కాదు. పక్కనున్న మేనత్త డొక్కలో పొడిచినా ఆగలేదు. కుక్కని అంత గౌరవంగా చూసుకునేవాడు పెళ్ళాన్ని ఇంకెంత బాగా చూసుకుంటాడో అని ఆ పీటల మీదే మురిసిపోయింది పిచ్చిపిల్ల.

ఆ నవ్వు పోలీసు క్వార్టర్సుకి కాపరానికొచ్చిన కొత్తలోనే ఇగిరిపోయింది. ఒక గది, ఒక వంటిల్లు, ముందు చిన్న అరుగు. అందులో ఉండేది ముగ్గురు. డ్యూక్ గారికి నూకరాజు ఒక్కడే కాదు, నూకరాజు కూర్చునే కుర్చీ, తుడుచుకునే తువ్వాలు, అన్నం తినే కంచం, పడుకునే మంచం, అన్నీ సొంతం. సత్యవేణి కాఫీ పట్టుకొస్తే లేచి ఇద్దరి మధ్యా అడ్డంగా నిలబడేవారు. మొరిగేవారు కాదు, కరిచేవారు కాదు. పైపెదవి ఒక పక్కన కాస్త ఎత్తి చూపించేవారు, అంతే. సత్యవేణి గ్లాసు నేలమీద పెట్టి వెనక్కి జరిగితే, నూకరాజు వచ్చి తీసుకునేవాడు. కొత్త దంపతుల ముచ్చట్లన్నీ కుక్క వీపు మీదుగానే జరిగాయి.

పుట్టింటినుంచి అమ్మ ఫోను చేసి, కాపరం ఎలాగుందే అని అడిగితే, "బాగానే ఉందమ్మా, ఎదురుగానే ఉంటున్నాం" అనేది.

ఒక సాయంత్రం అరుగుమీద నూకరాజు కంట్లో నలుసు పడింది. సత్యవేణి అన్నీ మరిచిపోయి, పైటచెంగు ఉండచేసి నోటి ఆవిరి పట్టి, మొగుడి గడ్డం పట్టుకుని కంటికి ఆనించబోయింది. మొగుణ్ణి ముట్టుకోవడం ఆమెకి దాదాపు అదే మొదలు. డ్యూక్ గారు చెంగు పట్టుకుని ఒక్క గుంజు గుంజారు. చీర నిలువునా చిరిగింది. ఆమెకి గీతైనా పడలేదు, కానీ వీధంతా చూసింది. ప్రభుత్వ జాగిలం పళ్ళు ప్రైవేటు బట్టకి తగిలితే పైకి రాయాలని నిబంధన ఉందట. దళం బాధ్యత చూసే రిజర్వు ఇన్‌స్పెక్టరు, అదే ఆర్.ఐ. గారు, రాశారు.

ఆ రాసింది డి.ఎస్.పి. దయానిధి గారి బల్లమీదికి చేరడంతో అసలు కథ మొదలైంది.

దయానిధి గారు మనిషి మంచివారే. ఆ మధ్య ఎక్కడో జాగిలాల మనస్తత్వం మీద శిక్షణకి వెళ్ళి ఒక లావుపాటి పుస్తకంతో తిరిగొచ్చారు. వచ్చిన దగ్గర్నుంచి ఆయనకు లోకంలో రెండే జబ్బులు కనిపిస్తున్నాయి. ఒకటి అసూయ, రెండోది కాపలా. తనకిష్టమైనదాన్ని ఇంకొకరు ముట్టుకుంటే ఓర్చుకోలేకపోవడం అసూయ. ముట్టుకోనివ్వకుండా అడ్డం కూర్చోవడం కాపలా. రోగి కోసం వెతుకుతున్న కొత్త డాక్టరులా ఉన్నారాయన. నూకరాజు ఇంటి సంగతి రాసిన కాగితం చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డారట.

స్వయంగా క్వార్టర్సుకి వచ్చి, అరుగుమీద కుర్చీ వేయించుకుని విచారణ జరిపారు. భోజనం ముందు ఎవరికి వడ్డిస్తావని సత్యవేణిని అడిగారు.

"ఈయనకండి," అంది.

"తదుపరి?"

"నేను తింటానండి. డ్యూక్ గారికి సాయంత్రం, డ్యూటీ దిగాక ఈయనే పెడతారండి."

దయానిధి గారు పుస్తకం మూసి ఆర్.ఐ. గారి వైపు తిరిగారు. "చూశారా? హెడ్ కానిస్టేబులు స్థాయి అధికారి సమక్షంలో, ఏ హోదా లేని వ్యక్తి, కింది ఉద్యోగికి ముందు వడ్డిస్తోంది. ఇక అసూయ రాక ఏమొస్తుంది?" అన్నారు. ఆర్.ఐ. గారు నిజమే సార్ అన్నారు. ఆర్.ఐ. గారు ఇరవై ఏళ్ళ సర్వీసులో అంతకంటే పెద్ద మాట అన్నవారు కాదు.

మర్నాటికి ఉత్తర్వు వచ్చింది. "సదరు కానిస్టేబులు భార్య, దళము వారి ముందస్తు అనుమతి లేకుండ, జాగిలము సంరక్షణలో నున్న వ్యక్తిని వివాహమాడి యున్నది. కావున జాగిలమునకు కలిగిన అసూయ సహజము మరియు సమంజసము" అని మొదలైంది. ఇకమీదట ఆమెను మూడవ వ్యక్తిగా పరిగణించవలెను. ఆమె క్వార్టర్సు గేటు బయటినుంచి, కొత్త మనిషివలె, కొంచెం కొంచెముగా ఇంటిని సమీపించవలెను. సమీపించినప్పుడెల్లా జాగిలమునకు కోడి కాలేయము అందించవలెను. రుచిగల వస్తువేదైనను ఆమె చేతిమీదుగానే రావలెను. కానిస్టేబులు ఆ సమయమున నవ్వక, మాటాడక, గోడవలె నుండవలెను. జాగిలము ప్రశాంతముగా నున్నదని ఆర్.ఐ. గారు ధ్రువీకరించిన పిదపనే ఆమె ముందుకు జరగవలెను. పరిచయము కొరకు కానిస్టేబులు వాడిన వస్త్రమును ధరించవలెను. హోదా రీత్యా ముందుగా ఆమెయే నమస్కరించవలెను.

చివర్లో ఒక వాక్యం ఉంది. ఐ.జి. గారి తనిఖీ నాటికి జాగిలము విధులయందు లోపము కనబడిన ఎడల, జాగిలమును, కానిస్టేబులును దూరపు శిక్షణ కేంద్రమునకు సంవత్సరకాలము పంపుట జరుగును. అచ్చట కుటుంబములకు వసతి లేదు గనుక మూడవ వ్యక్తి పుట్టింటికి వెళ్ళవలెను.

మిగతాదంతా చదివి సత్యవేణి ఇదేం చోద్యం అనుకుంది గానీ, ఆ చివరి వాక్యం దగ్గర ఆగిపోయింది. పెళ్ళయి పుట్టింట్లో ఏడాది కూర్చుంటే ఊరు ఏమనుకుంటుందో ఆమెకి తెలుసు. ఊరి సంగతి సరే, నూకరాజు అంటే ఆమెకి ఇష్టం. కుక్క వీపు మీదుగా చూసినా సరే, ఇష్టమే. అతను నవ్వితే ముందు చెవులు కదులుతాయి. ఆ సంగతి ఇంకెవరికీ తెలియదని ఆమె నమ్మకం.

అందుకని పెట్టె సర్దుకుని ఆర్.ఐ. గారింట్లో దిగింది. ఆర్.ఐ. గారి భార్య సుభద్రమ్మ నోరున్న మనిషి, మనసున్న మనిషి. "ఏడవకమ్మాయ్. మొగుడింటికి చేరడానికి నాకూ పదేళ్ళు పట్టింది, మా అత్తగారు అడ్డంగా ఉండేది. నీకింకా నయం, కార్జం ముక్కలతో పోతోంది," అంది.

అలా మొదలైంది ప్రయాణం. పొద్దున్నే సత్యవేణి చీర మీద మొగుడి పాత ఖాకీ చొక్కా తొడుక్కుని, చేతిలో కోడికార్జం గిన్నెతో గేటు బయట నిలబడేది. డ్యూక్ గారు అరుగుమీద. ఆయన పక్కన గోడలా నూకరాజు. ఆమె "గుడ్ మార్నింగ్, సర్" అని సెల్యూట్ కొట్టి ఒక ముక్క విసిరేది. ఆర్.ఐ. గారు డ్యూక్ గారి ముఖంలోకి తేరిపార చూసి, ప్రశాంతముగా నున్నది అని కేకేసేవారు. సత్యవేణి ఒక అడుగు వేసేది.

సరిగ్గా ఆ వేళకే ఒకరోజు ఆమె తండ్రి సూర్రావు ఆటో దిగాడు. లంకల్లో కొబ్బరికాయల వ్యాపారి, కూతుర్ని చూసిపోదామని గెలతో సహా వచ్చాడు. కూతురు ఖాకీ చొక్కాలో గేటు దగ్గర నిలబడి కుక్కకి సెల్యూట్ చెయ్యడం చూసి, "నీకూ ఉద్యోగం వచ్చిందేంటమ్మా? చెప్పనేలేదే," అన్నాడు.

"లేదు నాన్నా. కాపరానికెళ్తన్నాను," అంది సత్యవేణి.

సంగతి విని ఆయన గెల భుజానికెత్తుకున్నాడు. తర్వాత అల్లుణ్ణి పలకరిస్తానని గేటు దాటబోతే ఆర్.ఐ. గారు చెయ్యి అడ్డం పెట్టారు. మామగారి హోదా ఏమిటో ఉత్తర్వులో లేదట, పైకి రాసి తెప్పించుకోవాలట. అరుగుమీద అల్లుడు నవ్వకుండా, మాట్లాడకుండా గోడలా కూర్చునే ఉన్నాడు. చెవులు మాత్రం కదిలాయి. సూర్రావు బొండాల గెల గేటుకి ఆనించి, వచ్చిన ఆటోలోనే వెళ్ళిపోయాడు.

ఉత్తర్వులో ఒక్క సంగతి మాత్రం నిజంగా పనిచేసింది. రుచిగలదేదైనా సత్యవేణి చేతిమీదుగానే రావాలన్నారు గదా. వస్తోంది. నూకరాజు గోడలా ఉండాలన్నారు. ఉన్నాడు. గోడని ఎవరు ప్రేమిస్తారు చెప్పండి. కొన్నాళ్ళకే డ్యూక్ గారు పొద్దున్న లేచి నూకరాజు వైపు చూడడం మానేసి గేటు వైపు చూడడం మొదలెట్టారు. ఆమె వచ్చేసరికి తోక అరుగుని ఊడ్చేసేది. ఆమె చెట్టుదాకా వచ్చింది, కుళాయిదాకా వచ్చింది, మెట్టెక్కింది, గడప దాటింది. ఆర్.ఐ. గారి కేకలు బొంగురుపోయాయి. సుభద్రమ్మ గడప దగ్గర కొబ్బరికాయ కొట్టి, సొంత కూతుర్ని పంపినట్టు హారతిచ్చింది.

సత్యవేణి గదిలోకొచ్చి, ఖాకీ చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, మొగుడి వైపు చూసింది. నూకరాజు గోడ ఉద్యోగం మానేసి నవ్వుతూ లేచాడు. డ్యూక్ గారు కూడా లేచారు. లేచి ఇద్దరి మధ్యా అడ్డంగా నిలబడి, పైపెదవి ఒక పక్కన కాస్త ఎత్తారు. అదే చోటు, అదే పెదవి. కాకపోతే ముఖం ఈసారి నూకరాజు వైపు ఉంది.

ఏమనాలి దీన్ని? సత్యవేణి నవ్వింది మొదట. నూకరాజు నవ్వలేదు. కళ్ళు తెరవని కూనగా ఉన్నప్పుడు తెచ్చి, సీసాతో పాలు పట్టి, జబ్బు చేస్తే ఒళ్ళో పెట్టుకుని పెంచినవాడు. ఆ డ్యూక్ గారు ఇప్పుడు తనను చూసి గుర్రుమంటున్నారు. ఆ రోజునుంచి మనిషి మారిపోయాడు. కంచం ఒళ్ళో పెట్టుకుని గబగబా తినేసేవాడు. డ్యూక్ గారి గొలుసు తలగడ కింద దాచుకునేవాడు. సత్యవేణి డ్యూక్ గారి మెడ నిమిరితే కంటి తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూసేవాడు.

"నా దగ్గర్నుంచి లాగేసుకున్నావు," అన్నాడొకసారి.

ఆమెకి ఒళ్ళు మండింది. "మీ కోసం గదండీ ఎండలో నిలబడింది. గేటు దగ్గర్నుంచీ ముక్క ముక్కకీ ఒక అడుగేసుకుంటా వచ్చింది మీ కోసమే గదా. ఈయన కోసం కాదే," అంది. అతను తలగడ కింద గొలుసు ఇంకాస్త లోపలికి తోశాడు.

దయానిధి గారు పురోగతి చూద్దామని వచ్చి, నూకరాజు భోజనం చేస్తుండగా గుమ్మంలో నిలబడి పుస్తకం తెరిచారు. శరీరం బిగుసుకొని యుండుట, వేగముగా భుజించుట, ఓరచూపు చూచుట, ఇష్టమైన వస్తువును దాచుకొనుట. ఒక్కొక్కటీ పైకి చదువుతూ నూకరాజుని చూస్తూ టిక్కు పెట్టుకున్నారు. ఆర్.ఐ. గారూ, మనం ఇన్నాళ్ళూ పొరపాటు రోగికి మందిచ్చాం అన్నారు. ఆర్.ఐ. గారు నిజమే సార్ అన్నారు.

పాత ఉత్తర్వునే పేర్లు మార్చి టైపు చేయించారు. కష్టపడి రాసిన ఉత్తర్వు వృథాగా పోకూడదు గదా. ఇప్పుడు మూడవ వ్యక్తి నూకరాజు. గేటు బయట అతను. అరుగుమీద సత్యవేణి, డ్యూక్ గారు. పరిచయం కొరకు వాడిన వస్త్రము ధరించవలెను అన్నచోట ఏ మార్పూ చెయ్యలేదు గనక, అతను యూనిఫాం మీద పెళ్ళాం వంకాయరంగు వాయిలు చీర కండువాలా వేసుకుని నిలబడ్డాడు. మనిషికి పచ్చి కార్జం ఎలా విసురుతామండీ అని సత్యవేణి అడిగితే పైకి రాశారు. "కాలేయము అను చోట పకోడీ అని చదువుకొనవలెను" అని సవరణ వచ్చింది.

నూకరాజు ముఖం చిట్లించకుండా నిలబడితే ఆమె అరుగుమీంచి ఒక ఉల్లిపాయ పకోడీ విసిరేది. అతను ఎగిరి పట్టుకునేవాడు. మొదట్లో సిగ్గుపడ్డాడు గానీ, పకోడీలు బాగుంటాయి సత్యవేణి చేతివి. ఆర్.ఐ. గారు రోజూ నివేదిక రాసేవారు. "కానిస్టేబులు పకోడీని స్వీకరించినాడు. తోక లేనందున సంతోషము నిర్ధారించుటకు వీలుపడలేదు."

ఈలోగా ఆ ఉత్తర్వు మిగతా ఇళ్ళకీ పాకింది. జబ్బు ఎవరికైనా ఉండవచ్చునని, లక్షణాలు కనబడితే కుటుంబ సభ్యులే తెలియజేయాలని దయానిధి గారు సర్క్యులరు పంపారు. మగాళ్ళెవరూ నోరెత్తలేదు. ఆడాళ్ళు మాత్రం దాన్ని చక్కగా వాడుకున్నారు. మా ఆయన టీవీ రిమోటు కాపలా కాస్తున్నాడని ఒకావిడ, మా ఆయన సెల్‌ఫోను తలగడ కింద దాస్తున్నాడని సుభద్రమ్మ. ఆర్.ఐ. గారు సొంత భార్య ఫిర్యాదు మీద సొంత నివేదిక సొంత చేత్తో రాసుకోవాల్సొచ్చింది. సాయంత్రం అయ్యేసరికి క్వార్టర్సు గేటు బయట చీరలు కప్పుకున్న పోలీసులు బారుగా నిలబడేవారు. దారినపోయేవాళ్ళు అది ఏదో సమ్మె అనుకున్నారు. పకోడీల వాసనకి ఆ వీధంతటికీ నోరూరిపోయేది.

ఐ.జి. గారి తనిఖీ రోజు వచ్చింది. పరేడు మైదానంలో షామియానా వేశారు. "అసూయారహిత జాగిల నిర్వహణ" అని గుడ్డ కట్టారు. ఎక్కడో ఒక మందుగుండు పొట్లం దాచారు. డ్యూక్ గారు దాన్ని కనిపెట్టాలి. కనిపెడితే సరి, లేకపోతే శిక్షణ కేంద్రం, ఏడాది. సత్యవేణి కుటుంబాల వరసలో కూర్చుని రెండు చేతులూ బిగించుకుంది.

నూకరాజు గొలుసు విప్పి, "సెర్చ్, సర్" అన్నాడు. డ్యూక్ గారు కూర్చున్నారు. "సెర్చ్, సర్" అని మళ్ళీ అన్నాడు. డ్యూక్ గారు నోరంతా తెరిచి ఆవులించి, కుటుంబాల వరస వైపు చూస్తూ ఉండిపోయారు. ఐ.జి. గారు గడియారం చూసుకున్నారు. దయానిధి గారి చొక్కా వీపున తడిసింది.

సత్యవేణి ఇక ఆగలేకపోయింది. కుర్చీలోంచి లేచి, "డ్యూక్ గారూ, అదేదో చూసి రండి. అన్నం చల్లారిపోతంది," అంది.

డ్యూక్ గారు లేచారు. మైదానం అడ్డంగా పరుగెత్తి, షామియానాలోకి దూరి, ఐ.జి. గారి కుర్చీ కిందనుంచి పొట్లం లాగి, దారిలో దయానిధి గారి టిఫిను డబ్బా కూడా అందుకుని, రెండూ తెచ్చి సత్యవేణి కాళ్ళ దగ్గర పెట్టారు. ఐ.జి. గారు చప్పట్లు కొట్టారు. ఈ పద్ధతి రాష్ట్రమంతా అమలు చేయదగినది అన్నారు. ఆర్.ఐ. గారు నిజమే సార్ అన్నారు. సత్యవేణికి ఆనందం పట్టలేక కన్నీళ్ళొచ్చాయి. ఇక తన మొగుడు తనకి దక్కాడనుకుంది.

మర్నాడు ఉత్తర్వు వచ్చింది. "జాగిలము సత్యవేణి యను వ్యక్తికి సంపూర్ణముగా అలవాటు పడినట్లు ఐ.జి. గారి సమక్షమున రుజువైనది. జాగిలమును ఆమెనుండి వేరు చేయరాదు. కావున సదరు క్వార్టరు జాగిలము పేర కేటాయించి, ఆమెను అచ్చటనే కొనసాగించవలెను. ఒకే జాగిలము కొరకు ఇరువురు పోటీపడుట అసూయకు మూలము గనుక, నూకరాజును ఏజెన్సీలోని పోలీసు స్టేషనుకు తక్షణమే బదిలీ చేయడమైనది."

సత్యవేణి అది ముందునుంచి వెనక్కీ, వెనకనుంచి ముందుకీ చదివింది. ఎటునుంచి చదివినా మొగుడే వెళ్ళిపోతున్నాడు. నూకరాజు వంకాయరంగు చీర మడత పెట్టి ఆమె చేతికిచ్చి, "డ్యూక్ గార్ని బాగా చూసుకో. చెవుల్లో మందు వేస్తే అరుస్తారు, బెల్లం ముక్క పెట్టి వెయ్యి," అన్నాడు. అతనికి కోపం పోయింది. ఆ కోపం పోవడమే ఆమె భరించలేకపోయింది. అరుచుకున్నా బాగుండేదనిపించింది.

పొద్దున్నే జీపు వచ్చింది. పద్ధతి ప్రకారం జరుగుతోందో లేదో చూడడానికి దయానిధి గారూ వచ్చారు. క్వార్టర్సంతా బయటికొచ్చి నిలబడింది. సత్యవేణి మొగుడి పరుపుచుట్ట మీద కూర్చుని ఏడుస్తోంది. ఆమె లేచాక ఒక కానిస్టేబులు ఆ చుట్ట ఎత్తబోతే, ఆమె కూర్చున్న వస్తువు గనక డ్యూక్ గారు పట్టుకున్నారు. అతను లాగాడు, ఆయన లాగారు. దూది బయటికొచ్చింది.

"లాగవద్దు," అని దయానిధి గారు పరుగెత్తుకొచ్చారు. "కాపలా కాయు జీవినుండి వస్తువును బలవంతముగా లాగుకొనరాదు. అంతకంటే మెరుగైన వస్తువు నొకటి ఇచ్చి, మార్పిడి పద్ధతిన తీసుకొనవలెను. పుస్తకంలో మొదటి సూత్రమే ఇది." గిన్నెడు కార్జం తెచ్చి ముందు పెట్టారు. డ్యూక్ గారు కార్జం చూశారు, పరుపుచుట్ట చూశారు, పరుపుచుట్ట వదిలేశారు. దయానిధి గారు అందరి వైపూ చూసి నవ్వారు.

సత్యవేణి ఏడుపు ఆపింది. కళ్ళు తుడుచుకుంది. వెళ్ళి రెండు చేతులతో నూకరాజు జబ్బ పట్టుకుంది.

ఆర్.ఐ. గారు, అమ్మా జీపు ఆలస్యమవుతోంది అంటూ దగ్గరికొచ్చారు. సత్యవేణి ఆయన ముఖంలోకి చూసి గుర్రుమంది. ఉత్తుత్తినే కాదు, గొంతులోంచి, నిజంగానే గుర్రుమంది. ఆర్.ఐ. గారు ఎగిరి వెనక్కి పడ్డారు.

"లాక్కోకూడదన్నారు గదండీ," అంది సత్యవేణి దయానిధి గారితో. "ఇంతకంటే మంచిది ఏదన్నా ఇచ్చి తీసుకోండి. ఆయ్, ఇచ్చేత్తాను."

దయానిధి గారు పుస్తకం తెరిచారు. సూత్రం ఆ పేజీలోనే ఉంది. కాపలా కాయు జీవి అని ఉంది గానీ, కుక్క అని లేదు. క్వార్టర్సు ఆడాళ్ళంతా చూస్తున్నారు. ఆయన గొంతు సవరించుకుని, రెండు గదుల క్వార్టరు ఇప్పిస్తానన్నారు.

సత్యవేణి నూకరాజుని ఎగాదిగా చూసి, "ఇంత బాలేదండి," అంది.

కుట్టుమిషను అన్నారు. బాలేదంది. దళంలోనే ఉద్యోగం, యూనిఫాంతో సహా అన్నారు. ఆ చొక్కా వేసుకుని చూశానండి, బాలేదంది. వెనకనుంచి సుభద్రమ్మ, మా ఆయనకైతే మిక్సీ చాలండీ, పాతదైనా పర్లేదు అంది. ఇంకొకావిడ గ్యాసు పొయ్యికి ఒప్పుకుంటానంది. మొగుళ్ళంతా ఒకరి వెనక ఒకరు సర్దుకున్నారు. దయానిధి గారు చెమట తుడుచుకుని, సమానమైన వస్తువు కొరకు జిల్లా స్టోర్సుకు వైర్‌లెస్సులో అడిగించారు. అందరూ నిలబడి ఉన్నారు. సత్యవేణి పట్టు వదల్లేదు. చేతులు నొప్పెడుతున్నాయి, అయినా వదల్లేదు.

స్టోర్సునుంచి జవాబు వచ్చింది. ఆర్.ఐ. గారు పైకి చదివారు. "కానిస్టేబులు నూకరాజుకు మించిన వస్తువు నిల్వలో లేదు. సమకూర్చుకొను వరకు సదరు నూకరాజును ఉన్నచోటనే ఉంచవలెను."

దయానిధి గారు ఆ కాగితం మీద సంతకం పెట్టి, పుస్తకం చంకలో పెట్టుకుని, జీపెక్కి వెళ్ళిపోయారు. జనం కదిలారు. డ్యూక్ గారు గిన్నె నాకుతున్నారు. నూకరాజు జబ్బ మీద వేళ్ళ అచ్చులు ఎర్రగా తేలాయి. అతను వాటిని చూసుకుని, పెళ్ళాన్ని చూసి, "నేనంటే నీకంత ఇదా?" అన్నాడు.

"మీరేదో గొప్పోరని కాదండి," అంది సత్యవేణి. "ఆళ్ళ స్టోర్సులో సరుకు బాగోలేదు."

అని నవ్వబోయి, అతని భుజం మీద తలపెట్టి గట్టిగా ఏడ్చేసింది. నూకరాజు ఆమె తల నిమురుతూ అలా అరుగుమీదే నిలబడిపోయాడు.